ఎడమ చెంప

గడ్డక్క అన్న పేరు వినగానే ఆ చేపల పరిశోధన కేంద్రానికి కొత్తగా వచ్చినవాళ్ళు ముందు ఆమె గడ్డం వైపే చూస్తారు. అక్కడ చూడవలసిందేమీ లేదని తేలాక, మరి ఈ పేరేమిటని పక్కవాళ్ళని అడుగుతారు. పక్కవాళ్ళు చెప్పరు, నవ్వుతారు. చివరికి ఆమే వాళ్ళని ఒడ్డుకి తీసుకెళ్ళి, మోకాలి లోతు నీళ్ళలో నిలబెట్టి, అడుగున అద్దం బిగించిన బకెట్టు చేతికిచ్చి, లోపలికి చూడమంటుంది. అప్పుడు తెలుస్తుంది. మడచెట్ల వేళ్ళ దగ్గర మొదలై అఖాతం సగం దాకా నీళ్ళ కింద గడ్డే గడ్డి. ఆ గడ్డిలో, ఆ వేళ్ళ సందుల్లో, వేలెడంత చేపపిల్లలు లెక్కలేనన్ని.

లెక్కలేనన్ని అంటే మాత్రం ఆమె ఊరుకోదు. పోయిన నెల నాలుగు వేల రెండు వందల పదిహేడు అంటుంది.

ఆ పిల్లలు అక్కడివి కావు. అవి పుట్టేదీ, పెద్దయ్యాక బతికేదీ పద్దెనిమిది మైళ్ళ అవతల సముద్రం మధ్యనున్న పగడాల దిబ్బ మీద. గుడ్డులోంచి బయటపడ్డ నలుసులు నీటివాలున కొట్టుకొచ్చి ఈ గడ్డిలో పడతాయి. పెద్ద చేపల నోటికి చిక్కకుండా ఇక్కడ దాక్కుని, తిని, జానెడయ్యాక ఒకరోజు చెప్పాపెట్టకుండా వెళ్ళిపోతాయి. మళ్ళీ దిబ్బకే వెళ్తాయని పుస్తకాలంటాయి. ఈ అఖాతం పిల్లలు ఆ దిబ్బకి చేరడం మాత్రం ఎవరూ కళ్ళారా చూడలేదు. అది చూపించడమే గడ్డక్క పని.

మూడేళ్ళుగా ఆమె చేస్తున్నది ఒకటే. పొద్దున్నే చిన్న వలతో చారల చేపపిల్లల్ని పడుతుంది. తడిపిన చెక్క మీద ఒక్కొక్కదాన్నే పడుకోబెట్టి కొలుస్తుంది, ఫొటో తీస్తుంది, సన్నటి సూదితో చెంప చర్మం కింద పసుపు చుక్క ఒకటి పెట్టి మళ్ళీ గడ్డిలోకి వదులుతుంది. ఆ చుక్క చేప బతికున్నన్నాళ్ళూ ఉంటుంది. నీలం టార్చి వేస్తే నీళ్ళ అడుగున కూడా మెరుస్తుంది. చేపని చెక్క మీద తల ఎడమచేతి వైపు ఉండేలా పడుకోబెట్టాలి. ఆ పనిలో ఉన్నవాళ్ళందరూ అలాగే చేస్తారు, గురువులు అలాగే నేర్పుతారు. ఎందుకంటే ఎవరూ చెప్పలేరు, చొక్కాకి గుండీలు ఆ పక్కనే ఎందుకుంటాయో చెప్పలేనట్టే.

అలా ఆరువేల పైచిలుకు పిల్లలకి చుక్కలు పెట్టింది. ప్రతిదాన్నీ వదిలేముందు, చుట్టుపక్కల ఎవరూ లేకుండా చూసుకుని, "అడిగానని చెప్పు" అంటుంది. ఎవరిని అడిగిందో చేపకేం తెలుసు. ఆమెకి తెలుసు. దిబ్బని.

దిబ్బ అంటే మనలాంటివాళ్ళకి చెత్తకుప్ప గుర్తొస్తుంది. ఆమెకి మాత్రం ఆ మాటకి అర్థం ఒకటే, ఆ పగడాలు. పదకొండేళ్ళు ఆమె ఆ దిబ్బ మీద మునక పని చేసింది. వీపుకి గాలి సిలిండరు కట్టుకుని వారానికి నాలుగు రోజులు నీళ్ళ అడుగునే. అక్కడ దిబ్బ ఒక పక్కన నిట్టనిలువుగా గోడలా దిగుతుంది. ఆ గోడలో ఏ బొరియలో ఏ చేప ఉంటుందో, ఏ పగడానికి ఏ కొమ్మ ఎప్పుడు విరిగిందో ఆమెకి తన వంటింటి అలమరాకన్నా బాగా తెలుసు. ఇంట్లో ఉప్పు డబ్బా ఎక్కడుందో ఇప్పటికీ వెతుక్కుంటుంది.

తమ్ముడికి మునగడం నేర్పింది కూడా ఆమే. వాడికి కంగారెక్కువ. మొదట్లో గంటకి సరిపోయే గాలి అరగంటలో తాగేసి, చుట్టూ బుడగలు తప్ప మనిషి కనిపించకుండా తేలేవాడు. అందుకే వాడు బుడగ అయ్యాడు. వాడు లోతులోకి కొట్టుకుపోకుండా ఎప్పుడూ తనకి ఎడమ పక్కన, గోడకీ తనకీ మధ్య పెట్టుకుని ఈదేది. నీళ్ళలోనే కాదు, పడవలో కూర్చున్నా, భోజనానికి కూర్చున్నా వాడి చోటు అదే అయిపోయింది. ఏ రోజైనా ఒకరే దిబ్బకి వెళ్తే, ఒడ్డున ఉండిపోయినవాళ్ళు "అడిగానని చెప్పు" అనేవాళ్ళు. సాయంత్రం తిరిగొచ్చినవాళ్ళు చెప్పులు విప్పకముందే దిబ్బ కబుర్లు మొదలుపెట్టాలి. అది వాళ్ళిద్దరి మధ్య చట్టం.

ఆరేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం, పోటు నిండి నీళ్ళు ఆటుకి తిరుగుతున్నాయి. ఒడ్డువైపు ఎక్కే నీరు పోటయితే, వెనక్కి లాగే నీరు ఆటు. దిబ్బ దగ్గర ఆటు మంచిది కాదు, గోడ మీదనుంచి పట్టి లోతులోకి ఈడుస్తుంది. తమ్ముడు పైకి పోదామని సైగ చేశాడు. ఆమె ఒక బొరియలో గుడ్లకి కాపలా కాస్తున్న చేపని చూస్తోంది. అయిదు వేళ్ళు చూపించింది, ఇంకో అయిదు నిమిషాలని. మూడో నిమిషంలోనే ఆటు వాణ్ణి గోడ మీదనుంచి పీకి కిందికి తీసుకుపోయింది. దిగేటప్పుడు ముక్కు మూసుకుని చెవుల్లోకి గాలి ఊదుకుంటూ నిదానంగా దిగాలి. ఆమెకి అంత తీరిక లేదు, తలకిందులుగా దిగిపోయింది. వాణ్ణి పట్టుకుంది, పైకి తెచ్చింది. ఎడమ చెవి లోపల చిట్లిపోయింది. ఆ చెవి మళ్ళీ వినలేదు. ఇక గడ్డం దాటి నీళ్ళలోకి దిగితే రెండోది కూడా పోతుందని, కళ్ళు తిరిగి ప్రాణానికే వస్తుందని డాక్టరు కచ్చితంగా చెప్పేశాడు.

దిబ్బ పక్కన చిన్న లంక మీద మునిగేవాళ్ళు ఉండే రెండు గదులున్నాయి. దిబ్బని వదిలొచ్చే రోజు ఆమె ఆ గది తలుపు మీద ఎర్ర రంగుతో, అక్షరాలు కారిపోతున్నా ఆగకుండా, "ఆటు మీద ఎవరూ దిగకూడదు" అని రాసింది. ఆరేళ్ళుగా ఎవరూ దిగలేదు. కొత్తవాళ్ళు ఎందుకని అడిగితే తమ్ముడు అక్క రాసింది అంటాడు, అంతే.

ఆ తరవాత ఆమె పడవ కూడా ఎక్కలేదు. పైన కూర్చుని కింద దిబ్బ ఉందని తెలిసి దిగకుండా తిరిగిరావడం తనవల్ల కాదని తనకి తెలుసు. గడ్డిలోకి వచ్చేసింది. ఇక్కడినుంచి దిబ్బకి వెళ్ళగలిగినవి ఆ పిల్లలే కాబట్టి వాటి వెంట పడింది. ఒక్క చుక్క, ఒకే ఒక్కటి, అక్కడ కనిపించిందంటే చాలనుకుంది. తన చేతిలోంచి వెళ్ళినది ఏదో ఒకటి ఆ గోడ దగ్గర ఉందని తెలిస్తే చాలు.

తమ్ముడు ఇప్పుడు లంక మీద మునిగేవాళ్ళకి పెద్ద. మూడు నెలలకోసారి వాడి దగ్గరనుంచి ఒక కాగితం, దాంతో ఫొటోలు వస్తాయి. కాగితం మీద "చెంపన చుక్క ఉన్నవి" అన్న గడి, దాని ఎదురుగా వాడి పొట్టి చేతిరాతలో "లేవు." ఇంకో ముక్క ఉండదు. మొదట్లో కాగితం తిరగేసి వెనక కూడా చూసేది. తెల్లగా ఉండేది. ఫోనులో మాట్లాడితే అమ్మ మోకాళ్ళ గురించి, గాలివాన గురించి మాట్లాడతాడు. దిబ్బ ఎలా ఉందని అడిగితే, "ఉంది" అంటాడు. ఆ "ఉంది" విన్నప్పుడల్లా ఆమెకి ఏడుపొస్తుంది, ఏడుపు రాగానే కోపమొస్తుంది, కోపంలో ఫోను పెట్టేస్తుంది. వీడు మరిచిపోయాడు, వీడికి నేనక్కర్లేదు అనుకుంటుంది. అనుకోకేం చేస్తుంది పాపం.

చుక్కల పనికిచ్చిన మూడేళ్ళ గడువు ఆ నెలాఖరుతో అయిపోతుంది. డైరెక్టరుగారు ఆమె గదికి వచ్చి, కుర్చీ లాక్కుని, గుర్తుపెట్టుకుని మరీ ఆమె కుడి పక్కన కూర్చుని, నెమ్మదిగా విషయం చెప్పారు. ఇన్ని వేలలో ఒక్కటీ కనిపించలేదు కాబట్టి, ఈ అఖాతం పిల్లలు దిబ్బకి చేరుతున్నట్టు ఆధారం లేదని రాసి సంతకం పెట్టాలి. ఆ తరవాత అఖాతాన్ని పెద్ద పడవల కోసం లోతు తవ్వుతారు. గడ్డి పోతుంది. ఆయనకీ ఇష్టం లేదు, ఆ మాటా అన్నారు. చివరి నివేదికకి మంచి ఫొటోలు నాలుగు తీసివ్వమని చెప్పి వెళ్ళిపోయారు.

ఫొటోలు తియ్యమంటే ఆమె అన్నీ తీసింది. గది గోడకి రెండు వరసలుగా అతికించింది. పైన తన చెక్క మీది పిల్లలు, కింద తమ్ముడు పంపిన దిబ్బ చేపలు. టీ కప్పు పట్టుకుని కూర్చుని చూస్తూ ఉంది. చూస్తుంటే పై వరస చేపలన్నీ ఎడమకీ, కింది వరస చేపలన్నీ కుడికీ, రైలు పెట్టెలో ఎదురెదురు సీట్లలో కూర్చున్నట్టు ఉన్నాయి. తనవి ఎడమకి ఎందుకున్నాయో తెలుసు, చెక్క మీద పడుకోబెట్టే పద్ధతి. మరి దిబ్బ చేపల్ని ఎవరు పడుకోబెట్టారు? అవన్నీ కుడికే ఎందుకు తిరిగున్నాయి?

టీ చల్లారిపోయింది. ఆమె లేచి, బల్ల సొరుగులోంచి పసుపు స్టిక్కరు ఒకటి తీసి, తన ఎడమ చెంపకి అతికించుకుంది. వరండాలోకి వచ్చి, గోడ తనకి ఎడమ పక్కన ఉండేలా, భుజం గోడకి రాసుకుంటూ నడిచింది. గోడకి ఎదురుగా, వరండా బయటి అంచున ఆయా తడిగుడ్డ పిండుతోంది. ఆమె పక్కనుంచి పోతూ, తల తిప్పకుండానే, నా మొహం మీద ఏమైనా ఉందా అని అడిగింది. ఆయా చూసి, ఏం లేదమ్మా అంది. చివరిదాకా వెళ్ళి, వెనక్కి తిరిగి, అదే గోడ పక్కనే నడుచుకుంటూ వచ్చింది. ఈసారి అడగక్కర్లేకపోయింది. "అయ్యో, చెంపకి ఏదో పచ్చగా అంటుకుంది చూసుకోండి" అంది ఆయా.

అదీ సంగతి. చేప ఎప్పుడూ నీటివాలుకి ఎదురుగా తల పెట్టి నిలబడుతుంది. పోటు ఒక దిక్కునుంచే వస్తుంది. పోటు మీద దిబ్బ చేపలన్నీ ఎడమ చెంప గోడకి పెట్టి నిలబడతాయి, బయటనుంచి ఈదుతూ చూసేవాడికి కుడి చెంపే కనిపిస్తుంది. గోడకీ చేపకీ మధ్య మనిషి దూరే చోటు లేదు. పట్టుకుని తిప్పి చూద్దామంటే దిబ్బ మీద చేపని ముట్టుకోకూడదు. కాగితం గడిలో "చెంపన చుక్క" అని ఉంది కానీ ఏ చెంపో లేదు, ఎందుకంటే తల ఎడమకి పెట్టి పడుకోబెట్టిన చేపకి పైకి ఉండేది ఎడమ చెంప, ఈ పనిలో ఉన్నవాళ్ళకి చెంప అంటే అదే. ఆ చెంప చూడాలంటే చేపలు అటు తిరగాలి. చేపలు తిరిగేది ఆటు మీద. ఆటు మీద ఎవరూ దిగకూడదు. ఆ మాట రాసింది ఎవరయ్యా అంటే ఈ మహాతల్లే.

వరండా మెట్ల మీద కూర్చుని, చెంపకి స్టిక్కరు అలాగే ఉండగా, ఆమె ముందు నవ్వింది. ఆయా కూడా ఎందుకో తెలియకపోయినా తోడుగా నవ్వింది. తరవాత గడ్డక్క నవ్వు ఆగిపోయింది. చెప్పాలంటే తమ్ముడికి చెప్పాలి. చెబితే వాడు ఆటులో దిగుతాడు. వాడి సంగతి తెలుసు, మారుమాట లేకుండా దిగుతాడు.

మూడు రోజులు చెప్పలేదు. డైరెక్టరుగారి కాగితం బల్ల మీద ఉంది, పక్కన పెన్ను ఉంది. సంతకం పెడితే అబద్ధం. పెట్టకపోతే వాడు ఆటులోకి. చేపలు అక్కడున్నాయి, చెంపలు గోడకి పెట్టుకుని, మూడేళ్ళుగా, ఒక్కసారి ఇటు తిరిగితే చాలు. అన్నం సయించలేదు. వల వేసి పిల్లల్ని పట్టుకుని, చుక్క పెట్టకుండానే వదిలేసింది. వదిలేముందు అనే మాట కూడా అనలేకపోయింది.

నాలుగో రోజు తమ్ముడే ఫోను చేశాడు. అమ్మ మోకాళ్ళ గురించి మొదలుపెట్టాడు. ఆమె మధ్యలో ఆపి, తలుపు మీది ఎర్ర అక్షరాల మాట తప్ప మిగతాదంతా, వరండాతో సహా చెప్పేసింది.

"అంటే ఆటులో చూడాలి," అన్నాడు.

"నేనలా అనలేదు."

"నువ్వనకపోతే ఏం. దిగుతాను."

"ఒరేయ్, నువ్వు దిగితే నేను చచ్చినంత ఒట్టు. నేను చెప్పింది నీకు తెలియాలని, దిగాలని కాదు."

"అక్కా," అన్నాడు తమ్ముడు. "ఆరేళ్ళుగా రోజూ నీ దిబ్బ నేను చూస్తున్నాను. నా వల్ల నీకు పోయింది, నేను చూస్తున్నాను. కాగితం మీద 'లేవు' అని రాసిన ప్రతిసారీ నాకెలా ఉంటుందనుకున్నావు?"

"మిగతాది ఎందుకు రాయలేదు మరి? కాగితం వెనక కూడా వెతుక్కున్నాను. దిబ్బ ఎలా ఉందిరా అంటే ఉంది అంటావు."

"చెబితే నీకు బాధ కదా."

ఆరేళ్ళు వీడు తనకి బాధని నోరు కట్టుకున్నాడు, ఆరేళ్ళు తను వీడికి అక్కర్లేదని కుమిలిపోయింది. ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి చెరొకటి తగిలిస్తే బాగుణ్ణని నాకే అనిపిస్తుంది, ఆమెకి అనిపించదా.

"అయిదు నిమిషాలన్నది నేనురా," అంది చివరికి. "నీ వల్ల కాదు. నా ఆశ వల్ల పోయింది."

ఆ తరవాత వాదన అరగంట సాగింది, అందులో తిట్లే ఎక్కువ. చివరికి తేలింది ఇది. సగం చంద్రుడి నాడు నీటిలాగుడు తక్కువ. ఆ రోజు పోటు మధ్యాహ్నానికి నిండుతుంది. నీళ్ళు తిరిగిన దగ్గర్నుంచి ఇరవై నిమిషాలు ఆటు మెత్తగా ఉంటుంది, తరవాతే పళ్ళు బయటపెడుతుంది. ఆ ఇరవై నిమిషాలు చాలు, ఒక్క నిమిషం ఎక్కువ వద్దు. నడుముకి తాడు కట్టుకుని దిగాలి. తాడు పైన ఎవరు పట్టుకోవాలన్న దగ్గర మాత్రం వాదన లేదు. నేను వస్తున్నానని ఆమె అంది, వాడు సరే అన్నాడు. పెట్టేశాక చాలాసేపు ఫోను చేతిలోనే ఉంది. పడవ ఎక్కుతానని తన నోటితోనే అన్న సంగతి అప్పటికి తలకెక్కింది.

డైరెక్టరుగారు అనుమతి కాగితం మీద సంతకం పెడుతూ, తలుపు మీది ఎర్ర అక్షరాల సంగతేమిటని అడిగారు. రాసినామే వెళ్తోంది కదండీ అంది.

సగం చంద్రుడి నాడు పొద్దున్నే పడవ కదిలింది. పడవ నడిపే సరంగు పాతవాడు, ఆమె మునిగే రోజులనుంచీ ఉన్నవాడు. ఆరేళ్ళ తరవాత ఎక్కుతున్న మనిషిని ఏమీ అడక్కుండా, పాత చోటే చూపించాడు. ఆమె చేతిలో అద్దం బకెట్టు ఉంది. అక్కడ లోతు యాభై అడుగులమ్మా, బకెట్టుకి అందదు అన్నాడు. నాకు తెలుసులే అని ఆమె దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. లంక దగ్గర తమ్ముడు ఎక్కాడు. జుట్టు ముందువైపు పలచబడింది. ఆమె ఎడమ పక్కన కూర్చుని ఏదో అన్నాడు, ఇంజను హోరులో ఆమెకి వినిపించలేదు. ఇద్దరూ ముందుకే చూస్తూ కూర్చున్నారు.

ఒకచోట నీలం నీళ్ళు ఒక్కసారిగా ఆకుపచ్చకి మారాయి. దిబ్బ. ఆమె బకెట్టు దించి చూసింది. పైనున్న మెట్టు కనిపించింది, బండంత గుండ్రటి పగడం, దాని మీద గుప్పెడు నీలం చేపలు. గోడ మొదలయ్యే అంచు కనిపించింది, అక్కడినుంచి కిందికి నలుపు. ఆ నలుపులో ఏముందో అంగుళం అంగుళం తెలుసు, వెళ్ళడానికి లేదు. కన్నీళ్ళు బకెట్టులో పడ్డాయి. అద్దం మసకబారుతోందని కొంగుతో తుడిచింది, బయటి వైపు కాదు, లోపలి వైపు.

తమ్ముడి నడుముకి తాడు ఆమే కట్టింది. ముడి మూడుసార్లు లాగి చూసింది. వాడు ఊపిరాడట్లేదని మొత్తుకుంటే ఆడకపోతే ఆడకపోనీ అంది. గుర్తులు చెప్పుకున్నారు. చుక్క ఉన్న చేప కనిపిస్తే వాడు ఒక గుంజు గుంజాలి, చేపకొకటి. వెంటవెంటనే రెండు గుంజులంటే పైకి, ఎవరు గుంజినా సరే. మూడంటే ఆపద. సరంగు దారం కట్టిన బిరడా నీళ్ళలో వేశాడు. బిరడా ఒడ్డు వైపు నిదానంగా పోయి, ఆగి, చాలాసేపు ఉన్నచోటే తిరిగి, సముద్రం వైపు బయల్దేరింది. నీళ్ళు తిరిగాయి అన్నాడు సరంగు.

"అడిగానని చెప్పు," అంది గడ్డక్క.

వాడు తలూపి, వెనక్కి వాలి, నీళ్ళలోకి పోయాడు.

తాడు చేతుల్లోంచి జారి జారి ఆగింది. ఆమె రెండు చేతులతో పట్టుకుని, కళ్ళు మూసుకుంది. నిమిషాలు సరంగు చెబుతున్నాడు. నాలుగు. ఏడు. ఏమీ లేదు. చేపలు ఇంకా తిరగలేదేమో అనుకుంది. తిరిగినా లేవేమో అనుకుంది. మూడేళ్ళూ, ఆరువేల పిల్లలూ, అన్నీ దారిలోనే ఎవరి కడుపులోకో పోయాయేమో. తొమ్మిది. తాడు నిలువుగా ఉన్నది కొంచెం వాలింది. అలవల్ల వాలిందో, ఆటు వల్లో.

పదకొండో నిమిషంలో తాడు ఒకసారి కదిలింది.

అల అనుకుంది. ఊపిరి బిగబట్టింది. మళ్ళీ ఒకటి. అది అల కాదు. చిన్నప్పుడు వీడు నిద్ర లేపడానికి జడ పట్టుకుని లాగేవాడు, అదే గుంజు. "రెండు," అంది పైకి. మూడు. కాసేపు లేదు. నాలుగు, కాస్త ఆగి అయిదు. ఏడు దగ్గర ఆమెకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి, లెక్క తప్పుతుందని రెండూ ఆపుకుంది. ఎనిమిది. తొమ్మిది. గడ్డిలో తన అరచేతిలో గిలగిల్లాడినవి, తను కొలిచినవి, ఫొటో తీసినవి, అక్కడున్నాయి. పద్దెనిమిది మైళ్ళు ఈదుకుంటూ వెళ్ళి, ఆ గోడకి చేరి, ఇప్పుడు ఇటు తిరిగి నిలబడ్డాయి.

"ఇరవై," అన్నాడు సరంగు.

తాడు మళ్ళీ కదిలింది. పది.

ఆమె చేతులు ఆగిపోయాయి. తాడు ఇప్పుడు బాగా వాలింది, సముద్రం వైపుకి. ఇంకొంచెం ఉండనిస్తే ఇంకోటి. ఆ ఇంకోటి కోసం ప్రాణం కొట్టుకులాడింది. ఆరేళ్ళ కిందట అయిదు వేళ్ళు చూపించిన చెయ్యి ఇదే. ఆమె ఆ చెయ్యి కేసి ఒకసారి చూసి, తాడుని గట్టిగా రెండుసార్లు గుంజింది.

కిందనుంచి ఒక గుంజు వచ్చింది. పదకొండు.

"వీడి మొహం మండా," అని, పడవ అంచుకి కాళ్ళు తన్నిపెట్టి, మళ్ళీ రెండు గుంజింది. ఈసారి ఆగకుండా లాగడం మొదలుపెట్టింది. సరంగు వచ్చి వెనక పట్టుకున్నాడు. తాడు బరువుగా ఉంది, ఆటు అటు లాగుతోంది. నాలుగు బారలు లాగాక రెండు గుంజులు వచ్చాయి, నేను వస్తున్నానన్నట్టు. ఆ తరవాత నీళ్ళ మీదికి బుడగలు, బుడగల మధ్య తమ్ముడి తల.

పడవలోకి ఎక్కించగానే వాడు నోట్లో గొట్టం తీసి, "పన్నెండోది కూడా ఉందక్కా, గుంజేలోపు లాగేశావు. ఇంకో అయిదు నిమిషాలుంటే..." అని, ఆగిపోయాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆమె వాడి తడి తల పట్టుకుని, గట్టిగా ఒక్కటి మొట్టి, తన ఒళ్ళోకి లాక్కుంది. సరంగు ఇంజను వైపు తిరిగి, అక్కడ చెయ్యవలసిన పనేదో ఉన్నట్టు నిలబడ్డాడు.

కాగితం గడిలో ఆమె "పదకొండు" అని రాసింది. పన్నెండు రాయమని తమ్ముడు పోరాడు. గుంజనిది లెక్కలోకి రాదంది.

పడవ బయల్దేరింది. తమ్ముడు తువ్వాలు కప్పుకుని, అలవాటు చొప్పున ఆమెకి ఎడమ పక్కన కూర్చుని, సముద్రం వైపు చూస్తూ మాట్లాడుతున్నాడు. చేతులు తిప్పుతున్నాడు. మధ్యమధ్యలో నవ్వుతున్నాడు. ఒకసారి రెండు చేతులూ గుండ్రంగా పట్టి ఎంత పెద్దదో చూపించాడు. ఆరేళ్ళ కబుర్లు వరదలా వస్తున్నాయి, వచ్చినవి వచ్చినట్టు చచ్చిన చెవిలోకి పోతున్నాయి. ఇంజను హోరులో ఆమెకి అందింది రెండే మాటలు, "నిన్ను" అనీ, "అడిగింది" అనీ.

ఆమె వాడి భుజం మీద చెయ్యి వేసి ఆపింది.

"ఒరేయ్, ఇటు వచ్చి కూర్చో. ఈ చెవికి వినిపిస్తుంది," అంది. "మళ్ళీ మొదటినుంచీ చెప్పు."

తమ్ముడు లేచి, ఆమె మోకాళ్ళ మీదుగా దాటి, కుడి పక్కకి వచ్చి కూర్చుని, మొదటినుంచీ మొదలుపెట్టాడు.